ప్లగ్గు వేడెక్కుతోందా? ఒక భాగారం, ఒక గుణకారం

శ్రోతలందరికీ నమస్కారం.

చలికాలంలో ఒకరోజు పొద్దున్నే మా ఆవిడ పిలిచింది. "ఏవండీ, ఈ గీజరు ప్లగ్గు ఓసారి చూడండి, పట్టుకుంటే చెయ్యి కాలుతోంది" అంది. నీళ్లు మాత్రం రోజూలాగే కాగుతున్నాయి. స్విచ్చి కట్టేసి ప్లగ్గు లాగి చూశాను. రెండు పిన్నులు నిగనిగలాడుతున్నాయి. మూడోదాని మొదట్లో ప్లాస్టిక్కు గోధుమరంగుకు తిరిగి కాస్త ఉబ్బింది. ముక్కు దగ్గర పెడితే మాడు వాసన.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పిల్లలకు చాలా ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ని నేను. బోర్డు మీద ఎన్నోసార్లు రాసిన ఓమ్ సూత్రం ఆ రోజు మా ఇంట్లోనే అక్కరకొచ్చింది. ఆ లెక్కే మీకు చెబుతాను.

మనం కరెంటు పోయిందంటాం, కరెంటు బిల్లు వచ్చిందంటాం. మన వాడుకలో కరెంటంటే మొత్తం విద్యుత్తే. లెక్కకు కూర్చున్నప్పుడు మాత్రం తీగలో పారే ప్రవాహాన్నే కరెంటంటాం, ఆంపియర్లలో కొలుస్తాం. దాన్ని వెనక నుంచి తోసేది వోల్టేజీ. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం, అంటే ఆ ప్రవాహానికి ఎదురయ్యే అడ్డు, వస్తుంది, ఓమ్‌లలో. ఓమ్ సూత్రమంటే ఇదే. వోల్టేజీనీ కరెంటునూ గుణిస్తే సామర్థ్యం వస్తుంది, వాట్లలో.

మా గీజరు 2000 వాట్లది. ఇంటికొచ్చేది 230 వోల్టులు. 2000ను 230తో భాగిస్తే సుమారు 8.7 ఆంపియర్లు. మళ్లీ 230ని 8.7తో భాగిస్తే 26 ఓమ్‌ల పైచిలుకు. అదీ లోపలున్న కాయిల్ నిరోధం.

ఇప్పుడు ప్లగ్గు సంగతి. వైరు చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే క్లాంప్ మీటరు తెచ్చి, కరెంటు వచ్చే ఫేజు వైరు ఒక్కదానికే తగిలించాను. రెండు వైర్లూ కలిపి పట్టుకుంటే అది సున్నా చూపిస్తుంది. వచ్చే కరెంటూ పోయే కరెంటూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి మరి. మీటరు 8.5 ఆంపియర్లు చూపించింది. తర్వాత వోల్టేజీ చూశాను. సాకెట్టు వెనక వైర్ల దగ్గర 230. గీజరు టెర్మినళ్ల దగ్గర 226. మధ్యలో ఉన్న వైరు మూడడుగులే, దాని వాటా లెక్కలోకి రానంత చిన్నది. మరి ఆ 4 వోల్టులు ఎక్కడ పోయినట్టు? సాకెట్టులో వదులుగా కూర్చున్న ఆ మాడిన పిన్ను దగ్గరే.

4ను 8.5తో భాగించండి. దాదాపు అర ఓమ్. 4ను 8.5తో గుణించండి. 34 వాట్లు. ఇది విని ఇంతేనా అనిపించవచ్చు. రేడియోలు బాగుచేసే షాపులో సోల్డరింగ్ ఐరన్ చూసే ఉంటారు, అది తరచూ 25 వాట్లదే ఉంటుంది, లెడ్డును కళ్లముందే కరిగిస్తుంది. అంతకంటే ఎక్కువ వేడి మా గోడలో పెసరగింజంత చోట, ప్లాస్టిక్కు మధ్యన, రోజూ పావుగంట చొప్పున పుడుతోందన్నమాట.

నాకు నిజంగా భయం వేసింది ఇంకో విషయానికి. కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్చి ఉంటుంది కదా, ఎంసీబీ, అది దీన్ని పట్టుకోదు. మాది 16 ఆంపియర్లది, అది దాటితేనే పడిపోతుంది. వదులు కనెక్షన్ ఉంటే కరెంటు పెరగదు, కాస్త తగ్గుతుంది కూడా. నీళ్లు బాగానే కాగుతాయి, బిల్లులోనూ తేడా తెలియదు. చేతికి తగిలే వేడి, ముక్కుకు తగిలే వాసన, ఈ రెండే మనకున్న హెచ్చరికలు. గీజరు, ఇస్త్రీపెట్టె, ఇండక్షన్ స్టవ్వు లాంటివాటి పెద్ద ప్లగ్గును అడాప్టరు పెట్టి 6 ఆంపియర్ల సాకెట్టులో గుచ్చే అలవాటు చాలా ఇళ్లలో చూస్తుంటాను. 8.7 ఎక్కడ, 6 ఎక్కడ? దయచేసి ఆ పని చేయకండి. నేను కొలిచినట్టు మీరు కొలవబోకండి, మెయిను కట్టేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఇదే లెక్క లోవోల్టేజీకీ పనికొస్తుంది. 230 కాస్తా 180కి పడిపోతే మా గీజరు ఇచ్చేది 1200 వాట్ల చిల్లరే. వోల్టేజీ ఐదో వంతుకు కాస్త మించి తగ్గితే వేడి దాదాపు నలభై శాతం తగ్గిపోతుంది. వోల్టేజీతో పాటు కరెంటూ తగ్గుతుంది కాబట్టి దెబ్బ రెండు వైపులా పడుతుంది. పొలంలో మోటారు తీరు వేరు. బరువు మోయాల్సిందే కాబట్టి అది కరెంటు ఎక్కువ లాగి వైండింగు కాల్చుకుంటుంది.

ఈ సూత్రాన్ని 1827లో పుస్తకంగా వెలువరించిన గియోర్గ్ ఓమ్ జర్మనీలో ఒక తాళాలు చేసే ఆయన కొడుకు, బడిలో పంతులు. ఆనాటి బ్యాటరీలు కొలుస్తుండగానే నీరసించిపోయేవి. అందుకని రెండు లోహాలు కలిపి, ఒక కొసను మరిగే నీళ్లలో, ఇంకో కొసను కరిగే మంచులో ఉంచి, నిలకడగా ఉండే వోల్టేజీని పుట్టించుకున్నాడు. ఆ ఓపికంటే నాకు ఎంతో గౌరవం. సొంత దేశంలో మొదట్లో తగిన ఆదరణ దొరకలేదు, 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది.

మా సాకెట్టు విప్పి చూస్తే లోపల పిన్నును పట్టుకునే ఇత్తడి రేకు నల్లబడి, బిగువు పోయి, నోరు తెరుచుకుని ఉంది. సాకెట్టూ ప్లగ్గూ రెండూ మార్చి, స్క్రూలు బిగించాను. పావుగంట గీజరు వేసి ఉంచి, ప్లగ్గు మీద చెయ్యి పెట్టాను. కాస్త గోరువెచ్చన, అంతే. మా ఆవిడ కూడా వచ్చి పట్టుకుని చూసింది.