సెట్ అంటే ఒకటా, 430నా?

రఘు: నమస్కారం. పోయినసారి చెప్పినట్టే ఈ వారం ‘సెట్’ అనే మాట. పర్యాయపదాలన్నీ రాసుకొచ్చాను. అక్కా, మన రూల్ గుర్తుందిగా?

సుధ: గుర్తుంది. పది నిమిషాల దాకా వ్యుత్పత్తుల జోలికి వెళ్లను.

రఘు: మంచిది. ఉంచడమనే అర్థంలో పుట్, ప్లేస్, లే. నిర్ణయించడానికి ఫిక్స్. గట్టిపడటానికి హార్డెన్. నామవాచకమైతే గ్రూప్, కలెక్షన్. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ రెండో కూర్పు 1989లో వచ్చింది. అందులో ‘సెట్’ క్రియకే 430 అర్థాలు. వివరణే దాదాపు 60,000 మాటలు! తర్వాత ‘రన్’ 645 అర్థాలతో దాన్ని దాటిపోయింది.

సుధ: అవి అర్థాలని ఎవరన్నారు? వాడుకలు.

రఘు: మొదలైంది.

సుధ: కాదు, విను. సిమెంటు సెట్ అయింది. గడియారం సెట్ చేశాను. సూర్యుడు సెట్ అయ్యాడు. మూడింటిలోనూ ఏదో ఒకటి ఒకచోట కుదురుకుంటోంది, లేదా మనం కుదురుగా పెడుతున్నాం. ఆ మాట పుట్టుకే అది. సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం.

రఘు: పది నిమిషాలు కాలేదక్కా!

సుధ: ఫాల్ పడటం, ఫెల్ పడగొట్టడం. లై పడుకోవడం, లే పడుకోబెట్టడం. డ్రింక్ తాగడమైతే డ్రెంచ్ తాగించడం. అది పోనుపోను తడిపి ముద్ద చేయడమైంది. మనకు లేవా? తిరుగు–తిప్పు, మునుగు–ముంచు, ఆగు–ఆపు. ఇవి తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది రా.

రఘు: సరే, మరి గణితంలో సమితిని కూడా సెట్ అంటారే. అక్కడ ఎవరు ఎవర్ని కూర్చోబెట్టారు?

సుధ: ఆ సెట్ వేరే మాట. లాటిన్ ‘సెక్టా’ నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. మతశాఖ అనే అర్థంలో వాడే ‘సెక్ట్’ కూడా అక్కడిదే. ఇంగ్లిష్‌లోకి వచ్చాక ఈ క్రియ నీడ దాని మీద పడింది. మన ‘కాలు’ లేదూ? నడిచే కాలు, నిప్పుకి కాలడం. వినడానికి ఒకటే, మాటలు రెండు.

రఘు: అంటే ఒకటే అర్థం అన్న నీ వాదన అప్పుడే రెండు ముక్కలైంది.

సుధ: నేనన్నది క్రియ గురించి.

రఘు: క్రియే తీసుకుందాం. ‘సెట్ ఆఫ్’ అంటే బయలుదేరడం. కుదురుకోవడానికి సరిగ్గా ఎదురు! ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లవాడికి ‘అన్నీ ఒకటే నాయనా’ అంటే వాడు మునిగిపోడూ?

సుధ: ముంచింది నేను కాదు, ఆ పక్కనున్న ‘ఆఫ్’. సెట్ ఆఫ్, సెట్ అప్, సెట్ ఇన్. ఒక్కోటీ ఒక కొత్త మాట. అన్నింటినీ ఒకే పద్దు కింద పెట్టారు కాబట్టే అంత అంకె వచ్చింది.

రఘు: పెట్టకపోతే ఎక్కడ వెతుక్కోవాలి? నాకు కోపమొస్తోంది, నిజంగా. నిఘంటువు చేసేవాళ్లు ఏళ్లకేళ్లు కూర్చుని ఏ వాక్యంలో ఏ అర్థమో విడదీస్తారు. నువ్వు ఒక్క ముక్కలో అంతా కలిపేస్తున్నావు.

సుధ: కలిపేయడం కాదు రఘూ...

రఘు: మా పిన్ని సంగతి చెప్పనా? ఎప్పుడూ చెప్పలేదు. చెయ్యి విరిగితే ఆసుపత్రి కాగితంలో ‘సెట్ ద బోన్’ అని రాశారు. ఏం రాశారని అడిగితే ‘ఎముక అమర్చారు’ అన్నాను. కొత్త ఎముకేదో పెట్టారనుకుని రాత్రంతా నిద్రపోలేదు. విరిగినదాన్ని సరిచేసి దాని చోటికి తెచ్చి కట్టారంతే. నేను ఆ అర్థం తెలియకుండా చెప్పాను. అందుకే నాకు ఆ 430 కావాలి.

సుధ: ...అది చిన్న విషయం కాదు.

రఘు: కాదు.

సుధ: నీ పర్యాయపదాలు చదువు. ‘ప్లేస్ ద బోన్’ అనొచ్చా?

రఘు: కుదరదు. ‘పుట్’ కూడా కుదరదు. ఎముకను తీసుకెళ్లి ఎక్కడో పెట్టినట్టుంది. ‘ఫిక్స్’ కొంచెం దగ్గర, కానీ మేకులు కనిపిస్తాయి.

సుధ: అందుకే సమానార్థకాలు అన్న మాట మీద నాకు నమ్మకం లేదు. ఇరుగుపొరుగు మాటలంటే సరిపోతుంది. పీటర్ రోజే అనే ఆయన 1852లో థెసారస్ అనే ఇంగ్లిష్ పర్యాయపదాల పుస్తకం అచ్చువేసినప్పుడు మాటలను అక్షరక్రమంలో కాకుండా భావాల వారీగా పేర్చాడు. ఒక భావం చుట్టూ చేరిన మాటలు. ఒకదాని బదులు ఇంకొకటి కళ్లు మూసుకుని వాడమని కాదు.

రఘు: ఆయన వైద్యుడు కూడా.

సుధ: అవును. థెసారస్ అంటే గ్రీకులో నిధి. నిధిలోంచి ఏది తీయాలో పక్క మాటే చెప్తుంది. నీ పిన్నిగారి కాగితంలో ‘బోన్’ చెప్పింది.

రఘు: చెప్పింది. నాకు వినిపించలేదు. సరే, నా జాబితాలో ‘రెడీ’ దాకా రానేలేదు. ‘ఆల్ సెట్’ ఉంది, ‘మైండ్‌సెట్’ ఉంది...

సుధ: ముందు రైజ్–రెయిజ్ చెప్పనీ. లేవడం, లేపడం.

రఘు: అక్కా, ఆపుదాం.

సుధ: ఆగు–ఆపు!

రఘు: బ్యాటరీ ఎరుపు చూపిస్తోంది, ఇప్పుడే—