ఎంబీఏ ఇంటర్వ్యూలో అడిగేది మీ ఆవకాయ గురించే

ఫిబ్రవరి వస్తే చాలు, నాకు ఒకటే మెసేజ్: "అన్నా, 'వై ఎంబీఏ' (ఎంబీఏ ఎందుకు) ప్రశ్నకి మంచి జవాబు ఒకటి చెప్పవా?" కాట్ ఎంట్రన్స్‌లో అంత పర్సంటైల్ తెచ్చుకుని, చివరికి బట్టీ పట్టడానికి జవాబు వెతుక్కుంటారేంటండీ! ఐఐఎం ఇంటర్వ్యూ ప్యానెల్‌లో ప్రొఫెసర్లు ఆ జవాబు పొద్దుటి నుంచి అందరి నోటా వింటూనే ఉంటారు. దాని తర్వాత అడిగే ప్రశ్నలోనే ఉంది అసలు కథ.

ఇంటికొచ్చిన చుట్టానికి ఆవకాయ వడ్డించి, "మా ఇంట్లో పెట్టిందేనండీ" అన్నారనుకోండి. ఊరుకుంటారా? ఆవపిండి ఎంత పోశారు, కాయలు ఎక్కడివి, నువ్వుల నూనేనా అని మొదలెడతారు. నిజంగా పెట్టినవాళ్లకి అవి కబుర్లు. కొట్లో కొని జాడీలోకి మార్చినవాళ్లకి చెమటలు.

మీ ఫామ్‌లో రాసిన ప్రతి మాటా ఆ జాడీయే. హాబీ క్రికెట్ అని రాశారా? "వాన పడితే డక్‌వర్త్ లూయిస్‌ పద్ధతిలో టార్గెట్ ఎలా మారుస్తారు?" అంటారు. మిగిలిన ఓవర్లు, చేతిలో ఉన్న వికెట్లు, రెండూ కలిపి చూస్తారని చెప్పినా మాట ముందుకు సాగుతుంది. "నేను కోహ్లీ ఫ్యాన్ సర్" అన్నారో, అది కొట్టు ఆవకాయ.

చదివింది మెకానికల్ ఇంజినీరింగ్ అంటే ప్రెషర్ కుక్కర్ రావచ్చు. ఒత్తిడి పెరిగితే నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాక 120 దగ్గర మరుగుతాయి, అందుకే పప్పు తొందరగా ఉడుకుతుంది. నాలుగేళ్లు చదివి ఇది చెప్పలేకపోతే ఎలా?

ఇక నాకు బాగా ఇష్టమైన ప్రశ్న. ఊరు గుంటూరు అన్నారు. "మిర్చి ధర పడితే రైతు సరుకు యార్డులో అమ్మేయాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా?" కచ్చితమైన అంకె ఎవరికీ అక్కర్లేదు. బస్తాకి అద్దె ఎంత, ఈలోగా అప్పు మీద వడ్డీ ఎంత, రంగు తగ్గితే ధర ఎంత కోస్తారు, ఇవన్నీ పోను గిట్టాలంటే క్వింటాకు ఎంత పెరగాలి అని పైకే ఆలోచించండి. మధ్యలో ప్రొఫెసర్ అడ్డుపడి, "అందరు రైతులూ అలాగే దాస్తే?" అంటారు. అంటే ఆవకాయ నచ్చింది, ఇంకో ముక్క వేయమంటున్నారు!

తెలియకపోతే తెలియదనండి. "కొలత అమ్మకే తెలుసు, ముక్కలు తుడవడం వరకే నా వంతు" అంటే చుట్టం నమ్ముతారు. ప్రాజెక్టులో మీరు చేసింది టెస్టింగ్ ఒక్కటే అయితే అదే చెప్పండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. చాలా ఐఐఎంలలో ఇంటర్వ్యూతో పాటు వాట్ అనే చిన్న రాతపరీక్ష ఉంటుంది, అహ్మదాబాద్‌లో దాన్ని ఏడబ్ల్యూటీ అంటారు. న్యూస్ పేపర్ చదవకుండా వెళ్లొద్దు. ఐఎస్‌బీ అనే బిజినెస్ స్కూల్లో ఎంబీఏ లాంటి పీజీపీ కోర్సుకి అయితే ఉద్యోగం గురించే ఎక్కువ తవ్వుతారు. చదువులోనో ఉద్యోగంలోనో గ్యాప్ ఉంటే దాచొద్దు. ఇంగ్లిష్ యాస గురించి టెన్షన్ అసలే వద్దు. చివర్లో "మమ్మల్నేమైనా అడుగుతారా?" అంటే మాత్రం, దయచేసి, వెబ్‌సైట్‌లో ఉన్న ఫీజు సంగతి అడక్కండి.