రెండో విమానం ఎక్కడ?

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలో ప్రొద్దుటూరు, బద్వేలు, రాయచోటి నుంచి వచ్చిన మిత్రులకు నమస్కారాలు. చిన్న విమాన సంస్థలు కడప వంటి ఊళ్లకు ఎందుకు రావాలో మాట్లాడమని నన్ను పిలిచారు. అది మీకు నేను చెప్పనక్కరలేదు. వచ్చినవి ఎందుకు నిలవడం లేదో చెప్పుకుందాం.

2017 ఏప్రిల్ 27న ప్రధానమంత్రి సిమ్లాలో, చిన్న ఊళ్లకు తక్కువ ధరలో విమానాలు నడిపే ఉడాన్ పథకం తొలి విమానాలను ప్రారంభించినప్పుడు, సిమ్లా–ఢిల్లీతో పాటు కడప–హైదరాబాద్ మార్గం కూడా అందులో ఉన్నందుకు మనమంతా పొంగిపోయాం. గంట ప్రయాణానికి సగం సీట్లలో ఒక్కో టికెట్ ధర 2,500 రూపాయలు దాటకూడదని, ఆ ధరకు నడిపితే వచ్చే లోటును మూడేళ్ల పాటు ప్రభుత్వం పూడుస్తుందని నిర్ణయించారు. మంచి ఏర్పాటే.

ఆ తర్వాత కొన్నేళ్లకు మా అమ్మను కంటి ఆపరేషన్‌కు హైదరాబాద్ తీసుకువెళ్లాల్సి వచ్చింది. మొదటిసారి విమానం ఎక్కబోతున్నానని ఆమె ముందు రోజే పట్టుచీర తీసి దండెం మీద ఆరవేసింది, మందుల చీటీని కొంగున ముడివేసుకుంది. విమానాశ్రయంలో రెండు గంటలు కూర్చున్నాక సిబ్బందిలో ఒక అబ్బాయి వచ్చి, విమానానికి మరమ్మతు పడిందనీ, ఈ రోజు సర్వీసు లేదనీ, డబ్బు వాపసు ఇస్తామనీ చెప్పాడు. "నాయనా, ఇంకొకటి లేదా?" అని అమ్మ అడిగింది. ఆ పిల్లవాడు తల వంచుకున్నాడు. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు దొరకక, డెబ్బై ఏళ్ల మనిషిని రాత్రంతా బస్సులో కూర్చోబెట్టి తీసుకువెళ్లాను. అప్పటికే డాక్టరు ఇచ్చిన సమయం దాటిపోయింది. మళ్లీ పది రోజులు ఆగాం.

ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను, ఎందుకంటే అతని దగ్గర జవాబు లేదు. డెబ్బై సీట్ల ఏటీఆర్ రకం చిన్న విమానాలు రెండో మూడో ఉన్న సంస్థలో, ఉదయం కడప వచ్చిన విమానమే మధ్యాహ్నం ఇంకో ఊరికి, సాయంత్రం మరో ఊరికి పోవాలి. ఒక్క యంత్రం ఆగితే ఆ వరుసలోని ఊళ్లన్నీ ఆగిపోతాయి. విమానం కదలకపోయినా దాని అద్దె ఆగదు. రెండుసార్లు మోసపోయిన ప్రయాణికుడు మూడోసారి రైలుకే వెళ్తాడు. ఈశాన్య రాష్ట్రాల కోసం 1981లో మొదలై, దేశంలోని ఎన్నో చిన్న ఊళ్లకు తిరిగిన ప్రభుత్వ విమాన సంస్థ వాయుదూత్ కూడా పన్నెండేళ్లకే, 1993లో, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఆర్టీసీ డిపోలో కూడా దారిలో బస్సు చెడితే పంపడానికి ఒక స్పేర్ బస్సు ఉంచుకుంటారు. అందుకే మళ్లీ అడుగుతున్నాను, అమ్మ అడిగిన మాటే అడుగుతున్నాను: రెండో విమానం ఎక్కడ? లోటు భర్తీకి ఇచ్చే సొమ్ములో ఒక వంతును అదనపు విమానం ఉంచినవారికే ఇవ్వాలి. అమ్మలారా, అయ్యలారా, రేపు ఏ సంస్థ వచ్చినా ప్రారంభోత్సవ తేదీ అడిగే ముందు ఈ మాట అడగండి. కలెక్టరు గారికి ఇవ్వబోయే వినతిపత్రంలో దీన్నే మొదటి వాక్యంగా రాశాం. కాగితం తలుపు పక్కన బల్ల మీద ఉంది; వెళ్లే ముందు దయచేసి సంతకం పెట్టండి.