పైలట్ సరే, ఆపేదెప్పుడు?

నమస్తే అండీ. హైటెక్ సిటీలో ఏ ఐటీ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లినా "పైలట్ నడుస్తోంది సార్" అంటారు. పైలట్ అంటే కొత్త సాఫ్ట్‌వేర్‌ని ముందు కొద్దిమందితో వాడించి చూడటం. ఎప్పటినుంచి అని అడిగితే నీళ్లు నములుతారు. పది మందికని పెట్టిన సాఫ్ట్‌వేర్ మెల్లగా ఆఫీసంతా పాకిపోతుంది. బ్యాకప్ ఉండదు, సపోర్ట్ ఒప్పందం ఉండదు. అది కుప్పకూలిన రోజు మాత్రం "అబ్బే, పైలటే కదండీ" అంటారు.

పైలట్ ఎందుకు మొదలుపెడుతున్నామో అందరూ కాగితం మీద రాస్తారు. ఏం కనిపిస్తే ఆపేస్తామో కూడా రాయాలి, అదీ వెండర్ (సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ) డెమోకి ముందే. డెమో చూశాక ఆ మాట రాయడానికి చెయ్యి రాదు.

హెల్ప్‌డెస్క్‌కి కొత్త టికెట్ టూల్, అంటే ఉద్యోగుల ఫిర్యాదులు నమోదు చేసే సాఫ్ట్‌వేర్, తెస్తున్నారనుకోండి. "బాగుందా?" అని అడిగితే మొహమాటానికైనా బాగుందంటారు. పాస్‌వర్డ్ రీసెట్ టికెట్ పాత పద్ధతిలో ఎంతసేపట్లో క్లోజ్ అవుతోందో ముందే లెక్క తీసిపెట్టుకోండి. అది లేకపోతే రేపు దేనితో పోలుస్తారు?

ఇక ఐటీ వాళ్ల చేతికిస్తే ఏ టూలైనా పాసైపోతుంది. అకౌంట్స్ సెక్షన్‌కి ఇవ్వండి. నెలాఖరు క్లోజింగ్, 20వ తేదీ జీఎస్టీ రిటర్న్ రెండూ పైలట్ గడువులోనే పడేలా చూడండి. ఆ టెన్షన్‌లో ఉన్నప్పుడు వెళ్లి వాళ్ల స్క్రీన్ చూడండి. కొత్త టూల్ పక్కనే పాత ఎక్సెల్ షీట్ తెరిచి ఉందా? అయితే ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఐదు స్టార్లు వేసినా నమ్మకండి.

పైలట్‌లో బయటపడేది సాంకేతిక లోపమే కానక్కర్లేదు. ఓటింగ్ మెషీన్ల సంగతే చూడండి. వాటిని తయారుచేసేది మన హైదరాబాద్ ఈసీఐఎల్, బెంగళూరు బీఈఎల్. 1982లో కేరళలోని పరవూరులో 50 పోలింగ్ కేంద్రాల్లో తొలిసారి వాడారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మెషీన్‌తో ఓటు వేయించడానికి చట్టంలో చోటు లేదని కోర్టు 1984లో ఆ కేంద్రాల్లో మళ్లీ పోలింగ్ పెట్టమంది. ఆ తర్వాతే చట్టం మారింది. 2004 లోక్‌సభ ఎన్నికలకి దేశమంతా మెషీన్లే. మరి మన ఉద్యోగుల వివరాలు వెండర్ క్లౌడ్‌లోకి ఎక్కించేటప్పుడు లీగల్ టీమ్‌ని ఎన్నో రోజున పిలుస్తున్నాం? చాలాచోట్ల ఆఖరి రోజున. మొదటి మీటింగ్‌కే పిలవండి, విసుక్కున్నా సరే.

గడువు తేదీన సంతకం పెట్టే మనిషి పేరు కూడా ఆ కాగితం మీద ఉండాలి. కమిటీ అని రాస్తే "ఇంకో నెల చూద్దాం" అనే జవాబే వస్తుంది. ఆపేయమని తేలితే అదే రోజు వెండర్ దగ్గరున్న డేటా వెనక్కి తెప్పించి, లాగిన్లన్నీ తీసేయించి, ఆ మేరకు మెయిల్ రాయించుకోండి.