పచ్చచుక్క చూసి నిమ్మరసం పూశాను

అందరికీ నమస్కారమండి. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు కాబట్టి నేను మళ్ళీ చదవను, ఏమీ అనుకోకండి. శాలువా కూడా ఇప్పుడే వద్దన్నాను, అమలాపురంలో ఈ ఉక్కపోతకి శాలువా కప్పుకుని మాట్లాడితే అధ్యక్షులవారు నన్ను మోసుకెళ్ళాల్సి వస్తుంది.

సున్నిపిండి ట్రైనింగ్ ముగింపు సభ, 'ప్రకృతి సహజ సౌందర్యం' మీద ఇరవై నిమిషాలు మాట్లాడండి అన్నారు. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని, ఇరవై నిమిషాలు నాకు హాజరు పట్టీకే సరిపోవు. అయినా శ్రద్ధగా రాసుకొచ్చాను. తీరా లోపలికి వస్తూ ఆ బల్ల మీద మీరు తయారుచేసిన సున్నిపిండి ప్యాకెట్ చూశాను. ముగ్గు డిజైన్ ముచ్చటగా ఉంది. దాని కింద పచ్చటి గుండ్రంలో 'సేఫ్టీ స్కోర్ 1' అని ఉంది. పదిలో ఒకటి, అంటే హానే లేదని. యాప్‌లో చూసి వేయించాం మేడమ్ అంది ఒకమ్మాయి. రెండు వేల స్టిక్కర్లు వచ్చేశాయట. ఇంక రాసుకొచ్చిన కాగితం చదవబుద్ధి కాలేదు. ఆ పచ్చచుక్కకీ నాకూ పాత లెక్కొకటి ఉంది, అది ముందు చెప్తాను.

ఆరేళ్ళ కిందట, మే నెల. మా చెల్లెలి కూతురి పెళ్ళి. పెళ్ళికి ముందే ఫొటో షూట్ అని ఇప్పుడు అందరూ తీయించుకుంటున్నారు కదా, అది దిండిలో పెట్టుకున్నారు, పడవ మీద, కొబ్బరిచెట్ల నేపథ్యం. పొద్దున్నే ఆ పిల్ల నా దగ్గరకొచ్చి, "పెద్దమ్మా, మోచేతులు నల్లగా ఉన్నాయి, ఫొటోల్లో పడతాయేమో" అంది. వంటింట్లో నిమ్మకాయలు బుట్టెడున్నాయి. రెండు కోసి చెక్కలతో మోచేతులు రుద్దాను, మిగిలిన రసం పెసరపిండిలో కలిపి భుజాల మీద నా చేత్తోనే పూశాను. "ఏమీ కాదుగా?" అని అడిగిందండి. అడిగింది! నేనేం చేశాను? అప్పటికి కొత్తగా ఫోన్‌లో ఒక యాప్ వేసుకున్నాను, అందులో నిమ్మ పేరు కొట్టాను. పచ్చచుక్క వచ్చింది. తిప్పి దానికే చూపించాను, చూడు, గ్రీన్ అని. కెమిస్ట్రీ లెక్చరర్ చెప్పింది, పైగా ఫోన్ చెప్పింది, ఇంకేం కావాలి? చెంబుడు నీళ్ళు దిమ్మరించుకుని, చేతుల్లేని గౌను వేసుకుని వెళ్ళిపోయింది. పదకొండింటి నుంచి రెండింటి దాకా పడవ మీద, నెత్తిన ఎండ.

ఆ రోజు ఏమీ లేదు. మర్నాడు కాస్త మంట అంది, ఎండ దెబ్బ అనుకున్నాం. మూడో రోజుకి మోచేతుల దగ్గర నీటి పొక్కులు లేచాయి, అవి అణిగాక గోధుమరంగు చారలు తేలాయి, మోచేతి నుంచి మణికట్టు దాకా రసం ఏ దారిన కారిందో ఆ దారినే. కుడి భుజం మీద మాత్రం విడివిడిగా నాలుగు గీతలు. చూడ్డానికొచ్చిన మగపెళ్ళివారి పెద్దావిడ మా చెల్లెల్ని పక్కకి పిలిచి మెల్లగా అడిగింది, "ఏవమ్మా, పిల్లని ఎవరైనా కొట్టారా?" అని. మా చెల్లెలు ఏడుపు. ఆ రాత్రి పిల్ల నిద్రపోయాక నా చెయ్యి ఆ భుజం మీద పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది. నావే ఆ నాలుగు వేళ్ళూ.

మే నెల ముహూర్తానికి మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు కుట్టించుకుందండి ఆ పిల్ల. మచ్చలు పూర్తిగా పోయేసరికి కార్తీకమాసం వచ్చింది. కాకినాడలో చర్మం డాక్టరు గారు చెయ్యి చూసి అడిగిన మొదటి మాటే "నిమ్మకాయ పిండారా?" అని.

నిమ్మలో ఫ్యూరోకూమరిన్లు అని ఉంటాయి, సోరాలెన్లు వాటిలో ఒక రకం. నీడలో ఉన్నంతసేపూ సాధువులు. చర్మానికి అంటుకుని ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ముఖ్యంగా యూవీ-ఏ తగిలితే కణాలను కాల్చేస్తాయి. ఇది అలర్జీ కాదు, కొందరికే వస్తుందనుకోడానికి. రసం, ఎండ సరిపడా ఉంటే ఎవరికైనా వస్తుంది. రసంలో కంటే తొక్కలో అవి చాలా ఎక్కువ. ఈ తొక్క మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

మరి పచ్చచుక్క ఎందుకొచ్చింది? ఇందులో కుట్రేమీ లేదు. స్కోరు వేసేది పేరుకి. మన చిన్న నిమ్మకాయ, ఇంగ్లీషులో లైమ్, దాని నూనెనే తీసుకోండి. తొక్కని పిండి తీసిన నూనె ఎండలో కాలుస్తుంది, అందుకే సుగంధ ద్రవ్యాల అంతర్జాతీయ సంస్థ ఇఫ్రా, కడుక్కోకుండా ఒంటి మీదే ఉంచుకునే సరుకుల్లో అది 0.7 శాతం దాటకూడదంది. ఆవిరి పట్టి దించిన నిమ్మనూనెకి ఆ పరిమితి లేదు. కడిగేసుకునే సబ్బులాంటి వాటికీ లేదు. ఒకే కాయ, ఒకే పేరు. ఎలా తీశారు, ఎంత వేశారు, కడిగారా లేదా, తర్వాత పడవెక్కారా లేదా అన్నది చుక్కకేం తెలుస్తుంది?

రెండో సంగతి. అమెరికాలో ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ వాళ్ళు 2004లో స్కిన్ డీప్ అని ఒక జాబితా పెట్టారు, ఒకటి నుంచి పది దాకా మార్కులు, ఒకటీ రెండూ పచ్చ, ఏడు నుంచి ఎరుపు. ఆ మార్కు పక్కనే, దీని మీద ఎంత సమాచారం ఉందో కూడా వాళ్ళే చిన్నగా రాస్తారు. ఎన్నో మొక్కల పేర్ల దగ్గర పచ్చ అంకె ఉంటుంది, పక్కన సమాచారం స్వల్పం అని ఉంటుంది. పరీక్షకే రాని కుర్రాడి పేపర్లో తప్పులేమీ లేవని ఫస్టు క్లాసు ఇచ్చినట్టు! మనం అంకె చూస్తాం, పక్క మాట చదవం. నేను చదవలేదు. లెక్చరర్ని, నేనే చదవలేదు.

అక్కడే 1976 నుంచి కాస్మెటిక్ ఇంగ్రేడియెంట్ రివ్యూ అని నిపుణుల సంఘం ఒకటుంది. డబ్బు కంపెనీల సంఘానిదే, అది మనసులో పెట్టుకునే చదవాలి, కానీ సమాచారం చాలకపోతే చాలదని రాసే అలవాటు వాళ్ళకుంది. మొక్కల సరుకులకి వాళ్ళు తరచూ ఇచ్చే తీర్పేమిటో తెలుసా? 'అలర్జీ కలిగించని విధంగా తయారుచేస్తే సురక్షితం' అని. మునక్కుండా దాటగలిగితే గోదావరి లోతేమీ కాదన్నట్టు. నవ్వండి, కానీ అందులో నిజాయితీ ఉంది, బాధ్యత తయారుచేసేవాళ్ళదే అంటున్నారు. అంటే మీది.

కడియం నర్సరీల నుంచి కలబంద తెచ్చుకుంటారుగా. లోపలి గుజ్జు వేరు, కోసిన చోట కారే పసుపుపచ్చ పసరు వేరు. ఆకు మొత్తం నలిపి తీసిన సారాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం 2బి జాబితాలో, అంటే మనుషులకి కేన్సర్ కలిగించవచ్చేమో అన్నవాటిలో పెట్టింది, అదీ ఎలుకలకి తాగించి చూసిన ఫలితాలతో. ముఖానికి గుజ్జు రాసుకుంటే కేన్సర్ అని ఎవరూ అనలేదు, రేపు వాట్సాప్‌లో నా పేరు చెప్పి పంపకండి. పసరు పోయేలా కడుగుతున్నారా అనేదే ప్రశ్న.

ఈ మార్కుల పిచ్చి రెండోవైపూ కొడుతుంది. మన కొబ్బరినూనెకి మొటిమల పట్టికలో అయిదుకి నాలుగు వేశారు, చర్మ రంధ్రాలు మూసేస్తుందని. కొబ్బరి మీదే బతికే అంబాజీపేట సంగతేమవ్వాలి? ఆ పట్టిక ఎలా పుట్టిందో తెలుసా, కుందేలు చెవి లోపల పూసి చూశారు! సౌందర్య సాధనాలకి 1970లలో బాగా వాడుకలోకి వచ్చిన పద్ధతి. కుందేలు చెవిలోని చర్మ రంధ్రాలు మనవాటి కంటే త్వరగా మూసుకుపోతాయి. జిడ్డు ముఖానికి కొబ్బరినూనె పడదేమో, ఒప్పుకుంటాను, కానీ కుందేలు చెప్పిందని ఒప్పుకోను.

చీటీ వచ్చింది. అయిదు నిమిషాలట. సరేనండి.

సహజం అంటే మంచిదే అనుకునేవాళ్ళు ఒకసారి మోరి వెళ్ళి జీడిపప్పు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు చూడండి. జీడి నూనె కంటే సహజమైంది ఏముంది? పైన రెండు స్టిక్కర్లు అంటించినా అది వేలు కాల్చడం మానదు.

ఇక మీ పిండి. పెసలు, కచ్చూరాలు, పసుపు, బావంచాలు, ఎండు నిమ్మతొక్క అని వెనకాల రాసి ఉంది. బావంచాలు! మన వైద్యులు బొల్లి మచ్చలకి అవి పూసి ఎండలో కూర్చోబెట్టేవారు, ఎందుకనుకుంటున్నారు? అందులో ఉన్నదీ ఆ సోరాలెనే. స్నానపు పిండి కడిగేసుకుంటాం, నిజమే, నష్టం చాలా తక్కువ. కానీ కొన్నావిడ దాన్ని పెరుగులో కలిపి ముఖానికి పట్టించి డాబా మీద వడియాలు పెట్టుకుంటే? నిమ్మతొక్క బదులు బత్తాయి తొక్క వేయండి, దానికి ఈ గొడవ దాదాపు లేదు. బావంచాలు తీసేయండి. పూసుకుని ఎండలోకి వెళ్ళవద్దని పెద్దక్షరాల్లో రాయండి. అమ్మకానికి తయారుచేయాలంటే లైసెన్సు ఉండాలి, ఆ సంగతి అధికారులు చెప్తారు, నాకంటే బాగా.

స్టిక్కర్ల డబ్బు నేనిస్తాను. నిజంగానే అంటున్నాను, పెన్షన్ వచ్చింది. ఆ శాలువాకి పెట్టిన ఖర్చు కూడా అందులో కలుపుకోండి. ముందు ఒక్క మాట చెప్పండమ్మా, ఆ నిమ్మతొక్క కలిపి మరపట్టించిన పిండి ఎన్ని ప్యాకెట్లు బయటికి వెళ్ళాయి?