ఇక్కతా, ఇక్కత్ ప్రింటా? ఒక్క దారం లాగితే తేలిపోతుంది

అందరికీ నమస్కారం. టేబుల్ మీద మూడు చీరలున్నాయి చూడండి. మూడింటి మీదా ఒకటే డిజైన్. మెట్లు మెట్లుగా ఉండే డైమండ్లు, ఎరుపు, నలుపు, తెలుపు. ఫోన్‌లో ఫొటో చూసి వీటిలో ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. మొదటిది పోచంపల్లి మగ్గం మీద నేసిన కాటన్ ఇక్కత్. రెండోది మిల్లు కాటన్ మీద వేసిన ప్రింట్. మూడోది పాలిస్టర్ మీద డిజిటల్ ప్రింట్, ఆన్‌లైన్‌లో "ఇక్కత్ సిల్క్ చీర" అని కనిపించే రకం. మొదటిది వేలల్లో ఉంటుంది, మిగతా రెండూ వందల్లో. ఆ తేడా ఎక్కడ నుంచి వస్తుందో చూద్దాం.

ఇక్కత్‌లో డిజైన్ బట్ట మీద వేయరు. నేయకముందే దారం మీద వేస్తారు. పేక దారాన్ని, అంటే బట్టలో అడ్డంగా వెళ్లే దారాన్ని, ముందు ఆసు అనే చట్రం మీద పోస్తారు. అర్ధచంద్రాకారంలో మేకులుంటాయి, మధ్యలో ఒక మేకు ఉంటుంది. దారాన్ని ఆ మధ్య మేకు నుంచి ఒక్కో మేకుకూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి, నాలుగైదు గంటల పని. ఇళ్లల్లో ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. భుజాలు పట్టేసేది ఇక్కడే. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేసింది వాళ్ల అమ్మగారి భుజం నొప్పి చూడలేకే. యంత్రం మీద అదే పని గంటన్నరలో అయిపోతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆసు అయ్యాక దారం మీద డిజైన్ గీసుకుని, రంగు ఎక్కకూడని చోట గట్టిగా చుట్టి ముడులేస్తారు. దీన్నే చిటికి కట్టడం అంటారు. చాలాచోట్ల రబ్బరు ట్యూబును సన్నగా కోసి దానితోనే కడతారు. ముందు లేత రంగులో ముంచుతారు, మళ్లీ కడతారు, తర్వాత ముదురు రంగు. ముడి కాస్త వదులైతే రంగు లోపలికి పాకి తెలుపంతా మురికిగా వస్తుంది. రంగులయ్యాక ముడులు విప్పి, దారాన్ని కండెలకు, అంటే చిన్న గొట్టాలకు చుట్టి, వరుస తప్పకుండా పేర్చుకోవాలి. ఒక్క కండె వరుస తప్పినా డైమండ్ మధ్యలో విరిగిపోతుంది. నేసేటప్పుడు కూడా పేక దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే నాడె విసిరిన ప్రతిసారీ రంగు రంగుకు కలిసిందా లేదా చూసి, దారాన్ని కొంచెం లాగి సర్దాలి. పడుగుకూ (నిలువు దారం) పేకకూ రెండింటికీ చిటికి కడితే అది డబుల్ ఇక్కత్. 2020లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అని చట్టం ఇచ్చే గుర్తింపు, వచ్చిన పుట్టపాక తేలియా రుమాలు ఆ కోవలోదే. అది వేరే వీడియోకి సరిపోయే విషయం.

ఇక అసలు పరీక్ష. కెమెరా దగ్గరికి తెస్తున్నాను. బ్లౌజ్ పీస్ చివర కత్తిరించి వదిలేసిన చోట అడ్డంగా వెళ్లే పేక దారం ఒకటి సూదితో పైకి లేపి మెల్లగా లాగండి. మొదటి చీర దారం ఇదిగో. ఎరుపు, కాస్త మసక, తెలుపు, మళ్లీ మసక, నలుపు. దారం పొడవునా రంగులు మారుతున్నాయి. పురి విప్పి చూస్తే లోపలిదాకా రంగే ఉంది. ఇప్పుడు రెండో చీర దారం. చుక్కచుక్కలుగా ఉంది చూశారా? నేతలో పడుగు దారం పైన అడ్డుపడిన ప్రతిచోటా రంగు తగల్లేదు, అక్కడక్కడా తెల్లగా మిగిలిపోయింది. పురి విప్పితే లోపల ఇంకా తెలుపు. ప్రింటుకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

వెనక్కి తిప్పి చూస్తే చాలు అని చాలామంది చెబుతారు. పల్చటి కాటన్ మీద మంచి ప్రింట్ వేస్తే రంగు వెనక్కి బాగానే దిగుతోంది, అందుకే ఆ ఒక్క పరీక్షనే నమ్ముకోకండి. ఇంకొక జాగ్రత్త. కొన్ని చీరల్లో పడుగుకే చిటికి కడతారు. అప్పుడు పేక దారం ఒకే రంగులో వస్తుంది. అది నకిలీ అనుకోకుండా నిలువు దారం లాగి చూడండి. డైమండ్ అంచు ఏ దిక్కుకు మసకబారిందో చూసినా తెలుస్తుంది. పేక ఇక్కత్ అయితే అడ్డంగా, పడుగు ఇక్కత్ అయితే నిలువుగా. ప్రింటులో ఆ మసకను కూడా గీసేస్తారు కాబట్టి ప్రతి డైమండ్‌లోనూ అచ్చంగా ఒకేలా ఉంటుంది. మగ్గం మీద ఏ రెండూ అంత ఒకేలా రావు.

మూడో చీరకు దారం కాల్చి చూస్తే సరి. కాటన్ కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, నలిపితే పొడి అవుతుంది. ఇదేమో కరిగి గట్టి నల్ల పూసైంది. పాలిస్టర్. రంగు పోదు, ఇస్త్రీ అక్కర్లేదు, నిజమే. మే నెల పెళ్లిలో ఇది కట్టుకుని కూర్చుంటే చెమట పీల్చదు, అదీ నిజమే.

ఆరేడు వందల ప్రింట్ చీర కొనడంలో తప్పేమీ లేదు. దాన్ని ఇక్కత్ అని చెప్పి అమ్మడం మాత్రం తప్పే, నేను దీన్ని మోసమనే అంటాను. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే జీఐ వచ్చింది. ఆ పేరును తప్పుగా వాడితే చట్టంలో ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. కానీ "ఇక్కత్ స్టైల్", "పోచంపల్లి డిజైన్" అని తెలివిగా రాస్తారు. చూసేవాళ్ల కన్ను మొదటి మాట దగ్గరే ఆగిపోతుంది. దాని దెబ్బ ఎవరి మీద పడుతుందో చూడండి. కొత్త డిజైన్‌తో ఒక వార్పు, అంటే ఏడెనిమిది చీరలు, మగ్గం దిగాలంటే ఇంటిల్లిపాదీ కష్టపడ్డా నెల పైమాటే. ఆ డిజైన్ ఫొటో ఒకటి దొరికితే ప్రింట్ వేయడం రోజుల పని. రెండో వార్పు దిగేసరికి అదే డిజైన్ బజారులో వందల్లో దొరుకుతుంటే, షావుకారు ఆ చీరకు ధర తగ్గించమంటాడు, ఆ కోత చివరికి కూలీలోనే పడుతుంది. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో మూడింట రెండొంతుల చేనేత కుటుంబాల ఆదాయం నెలకు 5,000 రూపాయలకు లోపే. అందులో కోయడానికి ఇంకేముంది చెప్పండి?

కొనేటప్పుడు ఒక తిరకాసు ఉంటుంది. సిల్క్ మార్క్ చూపించి "ఇదిగో ఒరిజినల్ చేనేత" అంటారు. సిల్క్ మార్క్ చెప్పేది అది అసలు పట్టు అని మాత్రమే. చేత్తో నేసిందా, మరమగ్గం మీదదా, ప్రింటా అన్నదానితో దానికి సంబంధం లేదు. చేనేతకు వేరే హ్యాండ్లూమ్ మార్క్ ఉంది. అయితే చిన్న నేతగాళ్ల దగ్గర అది లేకపోవచ్చు, అంతమాత్రాన చీర నకిలీ అయిపోదు.

ఉతకడం గురించి కూడా చెప్పేస్తాను. ఎరుపూ తెలుపూ పక్కపక్కనే ఉన్న చీరైతే ముందు తడి తెల్ల గుడ్డతో ఎరుపు మీద రుద్ది చూడండి. రంగు అంటుకుంటే మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా, చల్లటి నీళ్లలో, కుంకుడు రసంతో లేదా కొద్దిగా షాంపూతో. నానబెట్టకండి, అయిదు నిమిషాల్లో జాడించి నీడన ఆరేయండి. తడి చీర మడతపెట్టి వదిలేస్తేనే ఎరుపు తెల్లటి చోటికి పాకుతుంది. ఉప్పు నీళ్లు రంగును ఆపవు, అద్దకం అయిపోయిన చీరకు ఉప్పుతో పని లేదు.

ఆన్‌లైన్‌లో కొంటుంటే ఆర్డర్ పెట్టకముందే అమ్మేవాళ్లకు రెండు ప్రశ్నలు పంపండి. "ఇది పేక ఇక్కతా, పడుగు ఇక్కతా, డబులా?" "కొంగు చివర ఒక దారం లాగి వీడియో పెడతారా?" నేసినవాళ్లకీ నేయించినవాళ్లకీ మొదటి ప్రశ్నకు జవాబు నోటిమీదే ఉంటుంది. "మేడమ్, ప్యూర్ ఇక్కత్" అని మాత్రమే తిరిగొస్తే ఆ చీర వదిలేయండి.