ప్రసాదం వద్దంటే మనిషిని వద్దన్నట్టా?

హోస్ట్: అందరికీ నమస్కారం. విజయనగరం నుంచి మాట్లాడుతున్నాం. కిటికీ తీసే ఉంది, ఆటోల హారన్లు వినిపిస్తే సర్దుకోండి. చాలా ఏళ్లు సోషల్ చెప్పి రిటైరైన టీచరుగారు మనతో ఉన్నారు. శ్రీకాకుళంలోనూ, ఇక్కడా పనిచేశారు. పేరు మాత్రం చెప్పొద్దన్నారు.

టీచరుగారు: మా కోడలు వింటుంది బాబూ, అందుకు.

హోస్ట్: (నవ్వుతూ) సరే. శ్రోత ఒకరు రాశారు. ఆఫీసులో అరసవల్లి ప్రసాదం పంచితే క్రిస్టియన్ కొలీగ్ ఒకావిడ వద్దన్నారట. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి. ఇప్పుడేం చేయాలి అని అడుగుతున్నారు.

టీచరుగారు: ఎందుకు వద్దన్నారో అడిగాడా?

హోస్ట్: లేదు. మనసుకి కష్టంగా అనిపించిందని రాశారు.

టీచరుగారు: అదీ సంగతి. ఆవిడ వద్దన్నది ప్రసాదాన్ని, ఇతన్ని కాదు కదా. బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఉంది. అందులో ఎనిమిదో అధ్యాయం అంతా ఇదే గొడవ. విగ్రహాలకు అర్పించింది తినొచ్చా, కూడదా అని. పౌలు ఏమంటాడంటే, విగ్రహం ఉత్తదే కాబట్టి తిన్నా పోయేదేం లేదు, కానీ నువ్వు తినడం చూసి విశ్వాసం గట్టిగా లేనివాడు తడబడేటట్టుంటే మానెయ్ అంటాడు. అందుకే ఈరోజుకీ కొందరు తీసుకుంటారు, కొందరు తీసుకోరు.

హోస్ట్: ‘విగ్రహం ఉత్తదే’ అంటే మనవాళ్లకి చివుక్కుమనదా?

టీచరుగారు: నాకూ చివుక్కుమంది. అననీ. ఆ మాటకి నేను ఒప్పుకోను, ఒప్పుకోనని మా కోడలితోనూ అన్నాను. ఇద్దరం బానే ఉన్నాం.

హోస్ట్: మామూలుగా అయితే ఇక్కడ ‘అన్ని మతాలూ ఒకటే’ అనేస్తాం.

టీచరుగారు: నాకస్సలు నచ్చని మాట అది. స్టేజీ మీద చప్పట్లు పడతాయి గానీ, ఎదురుగా ఉన్న మనిషికి ఎలా వినిపిస్తుందంటే, నీ నియమాలన్నీ ఉత్త చాదస్తం అన్నట్టు. అంతా ఒకటే అయితే ఇక మాట్లాడుకోవడానికి ఏటుంది? తేడా ఉంది కాబట్టే అడగబుద్ధవుతుంది.

హోస్ట్: అడగడం కూడా ఎలా పడితే అలా అడిగేస్తాం కదా.

టీచరుగారు: మా ఇంట్లో జరిగిందే చెబుతాను. సిరిమాను పండగ, తెలుసు కదా, సోమవారం తొలేళ్లు, మంగళవారం పొడవాటి చింతమాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను. చుట్టాలంతా దిగిపోతారు. మా కోడలు బాప్టిస్టు చర్చికి వెళ్తుంది. పైడితల్లి గుడికి రాదు గానీ, అంతమందికీ వంట దగ్గరుండి తనే చూసుకుంటుంది. పెద్ద బేసిన్లో పులిహోర కలుపుతోంది, మోచేతుల దాకా పసుపు. మా ఆడపడుచు వచ్చి అందరి ముందూ ‘బొట్టెందుకు పెట్టుకోవే?’ అంది. ఇల్లంతా గప్‌చిప్. ఆ పిల్ల అన్నం కలపడం ఆపేసి, బేసిన్లో వేరుశనగ గుళ్లు చూస్తూ కూర్చుంది.

హోస్ట్: అమ్మో.

టీచరుగారు: అడగకూడని ప్రశ్నేం కాదది. పదిమంది ముందు అడిగితే మాత్రం పంచాయితీ అయిపోతుంది. సాయంత్రం చుట్టాలంతా సిరిమాను చూడ్డానికి వెళ్లాక, పెరట్లో గిన్నెలు సర్దుకుంటూ నేను ఇంకోటి అడిగాను. ‘ఆదివారం చర్చిలో ఏటి ప్రార్థన చేస్తావమ్మా?’ అని. ‘మీ షుగరు తగ్గాలని అత్తయ్యా’ అంది. ‘మీరు ఆ లడ్డూలు మానేస్తే ప్రభువుకి కాస్త పని తగ్గుతుంది’ అని కూడా అంది.

హోస్ట్: (నవ్వు) కోడలంటే అలా ఉండాలి.

టీచరుగారు: తర్వాత తను అడిగింది. సిరిమానుకి ఏ చింతచెట్టు కొట్టాలో ఎలా తెలుస్తుందని. అమ్మవారు పూజారి కల్లోకొచ్చి చెబుతుందని మా నమ్మకం అన్నాను. ‘మీరు నమ్ముతారా?’ అంది. నువ్వు కోడలిగా అడిగితే నమ్ముతాను, సోషల్ టీచర్ని అడిగితే జవాబు చెప్పను అన్నాను. చూడు, నువ్వేం చేస్తావు, ఎలా చేస్తావు అని మొదలెడితే ఎవరైనా సంతోషంగా చెబుతారు. బొట్టు సంగతి కూడా ఆ తర్వాత తనే ఎత్తింది.

హోస్ట్: శ్రీకాకుళం స్టాఫ్‌రూమ్ గురించి ఇందాక టీ తాగుతూ చెప్పారు.

టీచరుగారు: ఆ, లెక్కల మాస్టారు. ముస్లిం. దేశంలో ఎక్కడ ఏం జరిగినా ‘మీవాళ్లేంటి మాస్టారూ, ఇలా చేశారు?’ అని ఆయన్నే పట్టుకునేవారు. ఆయన పుట్టి పెరిగింది శ్రీకాకుళంలోనే. అక్కడి జామియా మసీదు కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించింది. అంత పాత ఊరివాణ్ని పట్టుకుని ‘మీవాళ్లు’ అంటే ఎక్కడివాళ్లని? ఒకరోజు నేను రంజాన్ ఏటేటా ముందుకెందుకు జరుగుతుందని అడిగాను. ఇక చూడు, సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికెళ్లిపోయారు. చాంద్రమానం ఏడాదికి 354 రోజులు, అందుకే దాదాపు 11 రోజులు ముందుకొస్తుంది. మన తెలుగు నెలలూ చంద్రుణ్ని బట్టే, కాకపోతే మనం అధికమాసం వేసి సర్దేస్తాం, వాళ్లు వేయరు. లంచ్ బెల్లు అయిపోయినా ఎవరూ లేవలేదు.

హోస్ట్: ఊరు మామూలుగా ఉన్నప్పుడు ఇవన్నీ కుదురుతాయి. టెన్షన్‌గా ఉన్నప్పుడో? 2020 డిసెంబరులో రామతీర్థం బోడికొండ మీద రాముడి విగ్రహం ధ్వంసమైనప్పుడు మా వాట్సాప్ గ్రూపులు చూడలేకపోయాను.

టీచరుగారు: అప్పుడు చర్చ పెట్టకూడదు. నాకో క్రిస్టియన్ స్నేహితురాలు ఫోన్ చేసి ‘చాలా బాధేసింది, ఎలా ఉన్నారు?’ అంది, అంతే. ఎవరు చేశారు, ఏ పార్టీ ఏమంది, ఆ గోల ఎత్తలేదు. గ్రూపులో అయితే ఆ మాట నలభై ఫార్వర్డుల కింద పోయేది.

హోస్ట్: ఇంకోటి సూటిగా అడుగుతాను. మాట్లాడితే మతం మార్చేస్తారేమోనని చాలామందికి భయం.

టీచరుగారు: ఉంది. లేదని నటిస్తే లాభం లేదు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని పాటించడానికే కాదు, ప్రచారం చేసుకోవడానికి కూడా హక్కిచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారమంటే నీ మతంలో ఏముందో చెప్పుకోవడం, అవతలివాణ్ని నీ మతంలోకి మార్చే హక్కు కాదు అంది. కోర్టు సంగతి అలా ఉంచితే, మనుషుల మధ్య నాకు తోచేది ఒకటే. నీ దేవుడి గురించి చెప్పాలనుంటే ‘చెప్పనా, వింటావా?’ అని ముందే అడుగు. వద్దంటే ఊరుకో. ఆస్పత్రి మంచం పక్కన నిలబడి, మనిషి నీరసంగా ఉన్నప్పుడు మొదలెట్టకు. ఇటువైపు నుంచి కూడా అంతే. కోడలి చేత చర్చి మానిపించాలని మనసులో పెట్టుకుని ‘రామ్మా, కాసేపు మాట్లాడుకుందాం’ అని కూర్చోబెడితే, ఆ పిల్లకి తెలియదా ఏంటి?

హోస్ట్: ఇంతకీ మీ ఆడపడుచుగారు?

టీచరుగారు: మొన్న మళ్లీ ఫోన్లో అదే బొట్టు ప్రశ్న. ఈసారి మా కోడలు ‘చెబుతాను పెద్దత్తా, ఓ అరగంట పడుతుంది, వింటారా?’ అందట. ఆవిడకి సీరియల్ టైమైందట, పెట్టేసింది.